ఆ శబ్దం లోపం కాదు

"సీవీటీ కారులో ఇంజిన్ అరుస్తుందే తప్ప బండి ఉరకదు, అది డిజైన్ లోపం" అని ఈ కార్ల మీద వచ్చిన వ్యాసంలో రచయిత అన్న మాటతో నేను ఏకీభవించను. సీవీటీ అంటే ఒక రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్, అందులో మెట్లుమెట్లుగా మారే గేర్లు ఉండవు. రెండు పుల్లీలు, వాటిని కలిపే ఉక్కు బెల్టు ఉంటాయి. ఒక్కో పుల్లీ ఎదురెదురుగా నిలిపిన రెండు శంకువుల జత. ఆయిల్ ఒత్తిడికి ఒకవైపు శంకువులు దగ్గరైతే బెల్టు అంచు వైపు ఎక్కుతుంది, అదే క్షణంలో రెండోవైపు శంకువులు విడిపోయి బెల్టు లోపలికి దిగుతుంది. అలా ఇంజిన్ వేగానికీ చక్రాల వేగానికీ మధ్య నిష్పత్తి ఎక్కడా తెగకుండా మారుతుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ ఎక్కువ శక్తినిచ్చే వేగం దగ్గరే నిలబడుతుంది, చక్రాల వేగం మాత్రం పెరుగుతూ పోతుంది. మనకు వినిపించే ఆ ఒకే స్థాయి హోరుకు కారణం ఇదే.

ఆ బెల్టు నిజంగా అద్భుతం. సన్నని ఉక్కు పలకలు వందల సంఖ్యలో వరుసగా పేర్చి ఉంటాయి, అవి ఒకదాన్నొకటి నెడుతూ శక్తిని అందిస్తాయి. 1958లో డాఫ్ అనే డచ్ కంపెనీ కారులో వచ్చినవి రబ్బరు బెల్టులు, అవి లాగేవి.

సాయంత్రం అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా పాకే ట్రాఫిక్‌లో ఈ కారు నడిపినవారికి కుదుపు లేని ఆ నడక విలువ తెలుస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు పెడల్‌ను ఒక్కసారిగా నేలకు తొక్కకుండా క్రమంగా నొక్కితే హోరు బాగా తగ్గుతుంది.

వ్యాసంలో ఆయిల్ ప్రస్తావనే లేకపోవడం పెద్ద వెలితి. బెల్టు జారకుండా పట్టు దొరికేది ఆ ప్రత్యేకమైన ఆయిల్ వల్లే. మాన్యువల్‌లో చెప్పిన రకం కాకుండా గ్యారేజీలో మామూలు గేర్ ఆయిల్ పోస్తామంటే దయచేసి ఒప్పుకోకండి.