సూర్యుడికి శాంక్షన్డ్ లోడ్ ఎంత?

ఓరుగల్లు సూర్యుడి మీద చాలాకాలంగా పేరుకుపోయిన ఫిర్యాదులను ప్రజల ముందుంచడం నా బాధ్యతగా భావిస్తున్నాను. ఆయన ఎవరి అనుమతీ లేకుండా రోజూ పొద్దున్నే వచ్చేస్తున్నాడు. శాంక్షన్డ్ లోడ్, అంటే కరెంటోళ్లు మంజూరు చేసిన కిలోవాట్లు, ఎంతో చెప్పడు. సర్వీసు నంబరు లేదు. డిపాజిట్ కట్టిన రశీదు చూపించమంటే మబ్బు చాటుకు పోతాడు. ఇన్నాళ్లూ వడియాలు ఎండబెట్టుకోవడం వరకే కాబట్టి సర్దుకుపోయాం. జనం డాబాల మీద ప్యానెళ్లు పెట్టి ఈయన్ని మన కరెంటు తీగలకు కలుపుతుంటే మాత్రం చూస్తూ ఊరుకోలేం.

మన లైన్లకు ఒక మర్యాద ఉంది. రామగుండంలోనో భూపాలపల్లిలోనో బొగ్గు మండాలి. ఆ కరెంటు సబ్‌స్టేషన్లు దాటి, వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర దిగి, అక్కడి నుంచి ఇంట్లోకి రావాలి. పెద్దల నుంచి చిన్నలకు. ఇప్పుడు హన్మకొండలో ఒకాయన ఇంటికి తాళం వేసి డ్యూటీకి పోతాడు, ఆయన డాబా మీది 3 కిలోవాట్లు మాత్రం పట్టపగలు వీధిలోకి కరెంటు తోస్తుంటాయి. వీధిలో పది ఇళ్లు ఇదే పని చేస్తే తీగలో వోల్టేజీ పైకి పాకుతుంది. 230 వోల్టులు ఉండాల్సింది 253 దాటితే, ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ రెండు సెకన్లలో లైన్ నుంచి తప్పుకోవాలని రూలు. అంటే ఎండ మరీ బాగా కాసినందుకు సోలార్ ఆగిపోవచ్చు. అతి చేసేవాళ్లను అదుపులో పెట్టడమంటే ఇదీ.

అసలు గొప్ప ఏర్పాటు కరెంటు పోయినప్పుడు చూడాలి. మే నెల, మధ్యాహ్నం ఒంటిగంట, నెత్తి మాడిపోయే ఎండ. సబ్‌స్టేషన్ నుంచి మన వీధులకు వచ్చే ఫీడర్ లైన్ ట్రిప్పయింది. ఇన్వర్టర్ మీద ఎర్ర లైటు, పక్కన ‘నో గ్రిడ్’ అని అక్షరాలు, అంటే లైన్‌లో కరెంటు లేదని. లక్షలు పోసి ప్యానెళ్లు పెట్టించుకున్న ఇంటాయన బనియన్ మీద గేటు దగ్గరికొచ్చి విసనకర్ర ఊపుకుంటున్నాడు. ఎదురింటి పెద్దమ్మ ఊరుకుంటుందా? “ఏంది సారూ, మీకు గూడ పోయిందా? మరి మీదికెక్కి పెట్టిచ్చిందేంది?” ఆయన దగ్గర జవాబు లేదు గానీ, నా దగ్గర ఉంది. స్తంభమెక్కిన లైన్‌మన్ లైన్ చచ్చిందనుకుని తీగ ముట్టుకుంటే, ఎవరి డాబా నుంచో వచ్చే కరెంటు అతన్ని బలి తీసుకుంటుంది. అందుకే లైన్ పోతే బ్యాటరీ లేని సోలార్ కూడా పోవాలి. కరెంటు తిరిగొచ్చాక కూడా కనీసం ఒక నిమిషం ఆగి, అంతా నిలకడగా ఉందని చూసుకుని కలవాలి. ఈ ఒక్క రూలును నేను నవ్వకుండానే సమర్థిస్తాను. ప్యానెళ్లు అమ్మేటప్పుడు దీన్ని చెప్పడం మర్చిపోయే సేల్స్ కుర్రాళ్ల మర్యాద గురించి మాత్రం ఇంకోసారి మాట్లాడుకుందాం.

కేంద్ర ప్రభుత్వం చూస్తే రోజురోజుకూ మెత్తబడిపోతోంది. 2024 ఫిబ్రవరిలో ఇళ్ల డాబాల మీద సోలార్ కోసం సూర్యఘర్ పథకం తెచ్చి 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఇస్తానంది. అదే నెల రూల్స్ మార్చి, 10 కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు, దరఖాస్తు పెడితే ఆమోదించినట్టే అనేసింది. సంతకం లేకుండా ఆమోదమా! టేబుల్ మీద ఫైలుకు ఇంతకంటే అవమానం ఉంటుందా?

అదృష్టం కొద్దీ అదే ఫిబ్రవరిలో మన రాష్ట్రం గృహజ్యోతి మొదలుపెట్టింది. అర్హులకు నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. ఇప్పుడా సున్నాను సోలార్ పెట్టుకుని ఎంతకు తగ్గించాలో ఒక కమిటీ వేసి తేల్చాలి.

రామగుండం ఎన్టీపీసీ జలాశయం మీద తేలే సోలార్ సంగతి వేరు. 100 మెగావాట్లు, 2022 జులై నుంచి పూర్తిగా నడుస్తోంది. అక్కడ సూర్యుడిది పర్మినెంట్ ఉద్యోగం. మన డాబాల మీద దినసరి కూలీ, కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లు, వానపడితే అదీ లేదు. పైగా ఆయన ఎండాకాలంలో ఎక్కువ పని చేస్తాడనుకుంటాం గానీ, ప్యానెల్ వేడెక్కే కొద్దీ దాని సామర్థ్యం తగ్గుతుంది. ఇక కోతులు. ఒకటి వచ్చి ప్యానెల్ మీద కూర్చుని నీడ చేస్తే ఆ వరుసలో మిగతా ప్యానెళ్ల ఉత్పత్తి కూడా తగ్గొచ్చు. లైన్‌కు ఇచ్చిన యూనిట్లూ, తీసుకున్న యూనిట్లూ లెక్కగట్టే నెట్ మీటర్ ఫారంలో కోతికి కాలమ్ లేదు.

చివరగా సోలార్ సోదరులతో ఒక మాట. “మాకు ఎవరి కరెంటూ అక్కర్లేదు” అంటూ పెళ్లిళ్లలో చెప్పుకోవడం మానండి. పగలు వాడుకోని యూనిట్లు లైన్‌కు అప్పగించి, రాత్రి ఏసీ వేసుకుని వెనక్కి తీసుకుంటున్నారు. అందరూ ఇళ్లకు చేరి స్విచ్చులు నొక్కే ఆ వేళకు కరెంటు పిరం, సూర్యుడు సెలవులో. అందుకే నా ప్రతిపాదన: ఆయన మధ్యాహ్నం షిఫ్టును సాయంత్రం ఏడు నుంచి పదికి మార్చాలి. దీనికి బదులు బ్యాటరీ పెట్టుకుంటే చాలు, కరెంటు పోయినా ఫ్యాను తిరిగే ఏర్పాటు ఉంటుంది అంటున్నారు. దాని రేటు కనుక్కున్నాను. సూర్యుడి డ్యూటీ మార్పించడమే తేలికనిపిస్తోంది.