సింగిల్ క్యాస్కే అసలు విస్కీ అన్నవారికి

హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిది పోయిన నెల ఫోనుకు ఒక సందేశం పంపాడు. అప్పటికే అది నాకు మరో మూడు వైపుల నుంచి వచ్చింది. సారాంశం ఇది: "సింగిల్ క్యాస్క్ అన్నా క్యాస్క్ స్ట్రెంత్ అన్నా ఒకటే, నీళ్లు కలపని అసలు విస్కీ. మిగతావన్నీ కొంటే నీళ్లకు డబ్బు పోసినట్టే. చేతిలో డబ్బు తక్కువుంటే ఆరు నెలలు ఆగైనా సింగిల్ క్యాస్కే కొనండి. వయసు ఎక్కువున్నది, రంగు ముదురుగా ఉన్నది, తక్కువ సీసాలు వచ్చినది చూసుకోండి. దానిలో చుక్క నీరు పోసినా పాపం." కింద అతని ప్రశ్న: "బావగారూ, వచ్చేటప్పుడు ఇలాంటిదొకటి తెస్తారా?"

నేనుండేది ఇంగ్లండ్‌లో. ఇలాంటి మాటలు నమ్మి ఒకసారి డబ్బు వదిలించుకున్నాను కాబట్టి జవాబు కాస్త పొడవుగానే రాశాను. అది అతని ఒక్కడికే ఎందుకని ఇక్కడ పెడుతున్నాను.

మొదటి వాక్యంలోనే పొరపాటుంది. సింగిల్ క్యాస్క్ అంటే సీసాలో ఉన్నదంతా ఒకే పీపాలోంచి వచ్చిందని. క్యాస్క్ స్ట్రెంత్ అంటే పీపాలో ఎంత ఘాటుందో దాదాపు అంతే ఘాటుతో సీసాకెక్కించారని. రెండూ వేర్వేరు సంగతులు. బాల్వెనీ 12 ఏళ్ల సింగిల్ బ్యారెల్ ఒకే పీపాదే, కానీ నీరు కలిపి ఆల్కహాల్‌ను 47.8 శాతానికి దించినది. అమెరికాలోని కెంటకీలో 1984లో వచ్చి సింగిల్ బ్యారెల్ అనే మాటకు గిరాకీ తెచ్చిన బ్లాంటన్స్ 46.5 శాతం. ఇటు స్కాట్లండ్‌లో అబర్లవర్ వాళ్ల అబూనా చూడండి: ఎన్నో షెర్రీ (స్పెయిన్ ద్రాక్ష మద్యం) పీపాల్లోని విస్కీని కలిపి, నీరు కలపకుండా, బ్యాచ్ తర్వాత బ్యాచ్‌గా 60 శాతానికి అటూ ఇటూగా వదులుతారు. లఫ్రోయిగ్ 10 ఏళ్ల క్యాస్క్ స్ట్రెంత్ కూడా ఆ దారిదే. ఒకే సీసా మీద రెండు మాటలూ ఉండవచ్చు. తైవాన్ కవలాన్ వాళ్ల సోలిస్ట్ వరుస అలాంటిది. అయితే ఒకటి ఉంటే రెండోది ఉండి తీరాలన్న నియమం లేదు.

గ్లెన్‌ఫార్‌క్లస్ 105 అనే స్కాచ్ పేరులో ఉన్న అంకె, ఘాటును కొలిచే పాత బ్రిటిష్ ప్రూఫ్ కొలత. ఆ లెక్కలో 100 ప్రూఫ్ అంటే సుమారు 57.1 శాతం, 105 అంటే 60. మన దేశంలో అమ్మే సీసాల మీద 42.8 శాతం అనే వింత అంకె ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? అదే పాత కొలతలో అది 75 ప్రూఫ్. తెల్లదొరలు వెళ్లిపోయారు, వాళ్ల కొలత మాత్రం మన మందు సీసాల మీద ఉండిపోయింది. అమెరికా ప్రూఫ్ మళ్లీ వేరు, అది శాతానికి సరిగ్గా రెట్టింపు. బర్బన్ (అమెరికా విస్కీ) సీసా మీద 120 చూసి బెదరనక్కర్లేదు, అది 60 శాతమే. అన్నట్టు ఆ గ్లెన్‌ఫార్‌క్లస్ 105 ప్రతిసారీ కచ్చితంగా 60 దగ్గరే ఉంటుంది. పీపాలు తమంతట తాము అంత క్రమశిక్షణ పాటించవు కదా, సర్దుబాటు జరుగుతుంది. రుచికి దానివల్ల వచ్చిన నష్టమేమీ నాకు కనిపించలేదు.

"నీళ్లకు డబ్బు పోసినట్టే" అన్నదానిలో సగం నిజముంది, లెక్క వేస్తే తేలుతుంది. 700 మిల్లీలీటర్ల సీసా 40 శాతానిదైతే దానిలో ఆల్కహాల్ 280 మిల్లీలీటర్లు. 60 శాతానిదైతే 420. రెండో సీసాను ఇంట్లో నీళ్లతో 40కి దించుకుంటే దాదాపు 1050 మిల్లీలీటర్లు, అంటే సీసాన్నర. ఒకే డిస్టిలరీ, ఒకే తరహా విస్కీ రెండు రకాలుగా దొరుకుతుంటే, ఘాటైనదాని ధర మామూలుదానికి ఒకటిన్నర రెట్లలోపు ఉన్నంతవరకు కొన్నవాడికి లాభం. 40 పౌండ్లదానికి జోడీగా 60 పౌండ్లది సరే. 90 అడిగితే ఆ పైన ఇస్తున్నది విస్కీకి కాదు, సీసా మీది మాటలకు. ఈ తేడాలో కొంత ప్రభుత్వానిది కూడా. బ్రిటన్‌లో 2025 ఫిబ్రవరిలో వచ్చిన రేటు ప్రకారం లీటరు స్వచ్ఛమైన ఆల్కహాల్‌కు 32.79 పౌండ్ల సుంకం ఉండేది. ఆ లెక్కన 40 శాతం సీసా మీద 9.18, 60 శాతం సీసా మీద 13.77. దాని మీద 20 శాతం వ్యాట్. తయారీదారు పైసా ఎక్కువ అడగకపోయినా అయిదున్నర పౌండ్ల తేడా అక్కడే వచ్చేస్తుంది.

ఇదంతా నీరు కలుపుకుని తాగేవాడి లెక్క. సందేశం చెప్పినట్టు కలపకుండానే తాగితే సీసాన్నర కాస్తా మళ్లీ సీసా అవుతుంది, ఇక్కడి పబ్బులో పోసే 25 మిల్లీలీటర్ల కొలత ఒకటిన్నర కొలత అవుతుంది. డబ్బూ మిగలదు, మర్నాడు పొద్దున తలా నిలబడదు.

ఆరు నెలలు ఆగి సింగిల్ క్యాస్క్ కొనమన్న సలహాతోనే నాకు అసలు పేచీ. చాలా పీపాలను కలిపినప్పుడు ఒక పీపా లోపాన్ని మిగతావి కప్పేస్తాయి. ఒక్క పీపాకు ఆ అండ ఉండదు. బాగుంటే అద్భుతంగా ఉంటుంది, లేకపోతే అంతే సంగతులు. కొన్నేళ్ల క్రితం నేను ఒకటి కొన్నాను, ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. చక్కటి చెక్క పెట్టె, సీసా మీద చేత్తో రాసిన అంకె: 279లో 143. మూత తీసి గ్లాసులో పోయగానే అగ్గిపుల్ల గీసి ఆర్పిన వాసన. షెర్రీ పీపాలు పాడవకుండా లోపల గంధకం కాల్చే అలవాటుంది, దాని జాడ ఒక్కోసారి విస్కీలో దిగుతుంది. ఆ వాసన ఇష్టపడేవారూ ఉన్నారు, నేను కాదు. మరుసటి వారం గాలి తగిలి తగ్గుతుందేమోనని చూశాను. తగ్గింది, ఆరిపోయిన దీపావళి మతాబు వాసన దాకా. ఆ సీసా రెండేళ్లు అల్మరాలో వెనక వరసలో ఉంది. బాగున్నా ఇంకో బాధ ఉండేది: అయిపోయాక అదే రుచి మళ్లీ దొరకదు. జేబు చిన్నదైనవాడు లాటరీ ఆడకూడదు. మరీ మనసు లాగితే 30 మిల్లీలీటర్ల నమూనా సీసాలు అమ్ముతారు, ముందు అది రుచి చూసుకోవాలి. లేదా నలుగురు స్నేహితులు కలిసి ఒక సీసా కొని ఒక బల్ల దగ్గర కూర్చోవాలి.

ఆ 279 అంకె మీద ఒక మాట. స్కాట్లండ్‌లో బాగా వాడే హాగ్స్‌హెడ్ పీపా సుమారు 250 లీటర్లు. అక్కడ ఏడాదికి దాదాపు 2 శాతం ఆవిరైపోతుంది. పదేళ్లకు 204 లీటర్ల చుట్టూ మిగులుతుంది, 700 మిల్లీలీటర్ల చొప్పున 290 సీసాలు. అదే బట్ అనే 500 లీటర్ల పెద్ద షెర్రీ పీపా అయితే 580 దాకా వస్తాయి. 'కేవలం 279 సీసాలు' అంటే అపురూపమని కాదు, పీపా చిన్నదని. బిందెడు నీళ్లు బిందెడే వస్తాయి.

వయసు (పీపాలో గడిపిన ఏళ్లు), రంగు సంగతి తొందరగా తేల్చేస్తాను. బెంగళూరులో అమృత్ అనే విస్కీ కంపెనీ వాళ్ల పీపాల నుంచి ఏడాదికి 10 శాతానికి పైగానే ఆవిరైపోతుంది. అక్కడి వేడిలో చెక్క చేసే పని స్కాట్లండ్ చలిలో కంటే చాలా వేగంగా సాగుతుంది. 61.8 శాతం అమృత్ క్యాస్క్ స్ట్రెంత్ మీద వయసు అంకే ఉండదు, దాన్ని ఎవరూ పసిబిడ్డ అనరు. గోవాలో పాల్ జాన్ వాళ్లదీ అదే తీరు. ఇక స్కాచ్‌లో 2009 నిబంధనల ప్రకారం సాదా క్యారమెల్ రంగు కలపవచ్చు. జర్మనీలో అమ్మేటప్పుడు మాత్రం ఆ మాట లేబుల్ మీద చెప్పాల్సిందే. ముదురు రంగు నిజంగా పీపాలోంచే వచ్చినా, ఆ పీపాలో ఇదివరకు షెర్రీ ఉందనో చెక్క కొత్తదనో తెలుస్తుంది తప్ప రుచి తెలియదు.

నీరు పోస్తే పాపమన్నది అన్నిటికంటే నష్టం చేసే మాట. డిస్టిలరీలో కాచిన మందు సుమారు 70 శాతం ఉంటుంది. పీపాలో నింపే ముందే నీరు కలిపి 63.5 శాతానికి దించడం స్కాట్లండ్‌లో ఎక్కువగా పాటించే పద్ధతి. కాబట్టి 'చుక్క నీరు తగలని' సీసా అనేది ఈ కథలో మొదటి నుంచీ లేదు. వేర్వేరు పీపాల విస్కీని కలిపి కూర్చే నిపుణులు, అంటే బ్లెండర్లు, వాసన చూసి మంచిచెడ్డలు తేల్చేటప్పుడు 20 శాతం దాకా పలుచన చేసుకుంటారు. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయం వారు కంప్యూటర్ మీద అణువుల నమూనా కట్టి చూశారు. పొగ రుచినిచ్చే గ్వాయకోల్ 45 శాతం వరకు ద్రవం పైభాగానికి చేరి ముక్కుకు అందుబాటులో ఉంటుందని, 59 శాతం దాటితే ఆల్కహాల్ మధ్యలో లోపలికి పోతుందని తేలింది.

ఇంట్లో నేను చేసేది ఇది. 60 శాతంది 25 మిల్లీలీటర్లు పోసి, ముందు ఊరికే ఒక్క గుటక. నాలుక చురుక్కుమంటుంది, రుచి కంటే మంటే ఎక్కువ. తర్వాత ఒక టీ చెంచా నీళ్లు, ఫ్రిజ్జువి కాదు. అయిదు మిల్లీలీటర్లకే అది 50 శాతానికి దిగుతుంది. నీళ్లు దిగిన చోట నూనె పొరల్లాంటి తీగలు తిరుగుతాయి, అప్పటిదాకా మూసుకున్న ఎండుద్రాక్ష, నారింజ తొక్క వాసనలు తలుపు తీసుకుని వస్తాయి. రెండో చెంచాతో సుమారు 42.8 అవుతుంది, అంటే మన 75 ప్రూఫ్! చల్లబరిచి వడకట్టని విస్కీ అయితే ఈ దశలో సన్నగా మబ్బు పట్టవచ్చు. కల్తీ అనుకుని పారబోయకండి. ఆ మబ్బు కనబడకూడదనే చాలా కంపెనీలు చల్లబరిచి వడకడతాయి. 46 శాతం, ఆ పైన ఉన్నవాటికి ఆ అవసరం పెద్దగా ఉండదు. అందుకే క్యాస్క్ స్ట్రెంత్ ధర అందనప్పుడు నేను డీన్‌స్టన్ 12, బన్నహేవన్ 12 వైపు చూస్తాను, రెండూ 46.3 శాతమే.

భారత్‌కు వచ్చేటప్పుడు ఒక్కో ప్రయాణికుడు సుంకం లేకుండా 2 లీటర్లు తేవచ్చు, 70 శాతం దాటినది మాత్రం విమానం ఎక్కనివ్వరు. ఈసారి సూట్‌కేసులో అబూనా ఒకటి, డీన్‌స్టన్ ఒకటి పెడుతున్నానని బావమరిదికి రాశాను. సింగిల్ క్యాస్క్ కాదని తెలిసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "దాని మీద నంబరైనా ఉంటుందా బావగారూ?" బ్యాచ్ నంబరు ఉంటుందని చెప్పాను. అది చాలన్నాడు.