నీలగిరి తైలం గారికి ఒక గుమాస్తా అర్జీ

హన్మకొండ నుంచి,
మిర్చి సీజన్, రాత్రి ఒకటిన్నర.

బాపమ్మ గదిలో, అల్మారా మూడో అరలో, విభూతి డబ్బాకూ మోకాళ్ల నొప్పుల మాత్రలకూ మధ్య కాపురముండే శ్రీ నీలగిరి తైలం గారికి,

కుడి ముక్కు బిగుసుకుపోయి, ఎడమ ముక్కు కారుతుండగా రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే మన్నించాలి. ఇంట్లో అందరూ పడుకున్నారు. తమరి వాసన ఒక్కటే మేలుకొని ఇల్లంతా తిరుగుతోంది.

నేను ఏనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాను. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మా బతుకు తుమ్ముల్లోనే తెల్లారుతుంది. తేజ రకం మిర్చి బస్తా మూతి విప్పి హమాలీ ఒక్కసారి దులిపాడంటే, పద్దు రాసేవాడూ, కాంటా పెట్టేవాడూ, ధర చెప్పేవాడూ అందరం ఒకేసారి తుమ్ముతాం. ఆ ఒక్క విషయంలోనే మా మార్కెట్లో ఏకాభిప్రాయం. చపాట రకమైతే రంగు ఎక్కువ, కారం తక్కువ, కాస్త కనికరిస్తుంది. తేజకు ఆ గుణం లేదు. సాయంత్రం ముక్కు, గొంతు మండుతూ ఇంటికొస్తే గుమ్మంలోనే బాపమ్మ మాట: "సర్దయిందా బిడ్డా? నీలగిరి నూనె ఏసుకోరాదు?"

సర్ది కాదు బాపమ్మా, మిర్చి ఘాటు అన్నా అదే మందు. కాలు బెణికినా, తల నొచ్చినా, దోమ కుట్టినా, బస్సులో కడుపు తిప్పినా అదే మందు. మేడారం పోయేటప్పుడు సంచిలో ముందు బెల్లం, తరువాత పసుపు, ఆ తరువాత తమరు. మా పెద్దబాపు వార్డు మెంబరుగా ఓడిపోయి మంచం పట్టినప్పుడు ఆయన కణతలకు కూడా తమరినే రాశారు. (అది బాగానే పనిచేసిందంటారు. మూడో రోజు లేచి పార్టీ మారాడు.)

ఇన్ని రోగాలకు ఒక్కరే సమాధానం చెబుతున్నారంటే నాలాంటి లెక్కలవాడికి అనుమానం వస్తుంది. ఏ పద్దు చూసినా ఒకే సంతకం కనిపిస్తే మేం పుస్తకం మొదటి పేజీకి పోతాం. తమరి పుస్తకమూ అలాగే తిరగేశాను.

పేరు దగ్గరే తేడా వచ్చింది. నీలగిరి అంటారు గానీ తమరు పుట్టింది ఆస్ట్రేలియాలో. ఈ దేశానికి తెచ్చి నంది కొండల్లో నాటించింది టిప్పు సుల్తాన్ అంటారు, 1790 ప్రాంతంలో. నీలగిరి కొండలు ఎక్కింది 1843లో. ఆస్ట్రేలియాలో జోసెఫ్ బోసిస్టో అనే మందుల వ్యాపారి 1852లో తమరిని కాచి అమ్మడం మొదలుపెట్టాడు. ఇవాళ ప్రపంచానికి ఎక్కువ నూనె పోసేది చైనా. అయినా మనవాళ్లు ఊటీ వెళ్లొస్తే చాలు, వాళ్ల పెరట్లో పిండి తెచ్చినట్టు తలా ఒక సీసా పంచుతారు. మా ఇంట్లో ఉన్నది కూడా అలా ఒక పెళ్లి జంట తెచ్చిందే. వాళ్ల పెళ్లి ఆల్బమ్ కంటే తమరినే ఎక్కువసార్లు తెరిచాం.

ఏటూరునాగారం, భద్రాచలం దారుల్లో రోడ్డు పక్కన బారులు తీరి నిలబడే జామాయిల్ తోటలు కూడా తమరి వంశమే. అయితే మైదానం దాయాదులకు మందు పస తక్కువ, కర్ర ఎక్కువ. వాళ్లు కాగితం మిల్లుకు పోతారు. నేను మిర్చి బస్తాల లెక్క రాసే పుస్తకంలో ఒకటి రెండు పేజీలు తమరి చుట్టాలే అయి ఉంటాయి. పగలంతా వాళ్ల మీద రాస్తాను, రాత్రి తమరిని రాసుకుంటాను.

ఇంక 'తైలం' అనే బిరుదు. ఆ మాట తిల నుంచి పుట్టింది. అంటే నువ్వుల నూనె. దుకాణంలో పని లేని ఒక మధ్యాహ్నం, పాత చిట్టీ మీద ఒక చుక్క పల్లి నూనె, పక్కనే ఒక చుక్క తమరు వేసి చూశాను. రెండూ ఒకేలా పాకాయి, కాగితం రెండు చోట్లా అద్దంలా మెరిసింది. నాలుగు బస్తాలు కాంటా అయ్యేసరికి పల్లి నూనె మరక అలాగే ఉంది. తమరి మరక అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వచ్చి, చివరికి కాగితం మీద ఏమీ మిగల్లేదు. వాసన మాత్రం మా సేటు కుర్చీ దాకా పోయింది. (మరక పోకుండా ఉందంటే అందులో వేరే నూనె కలిపారని లెక్క. ఆ రకంగా తమరు నిజాయితీపరులే.)

అంటే తమరు నూనె కాని నూనె. సరే, పేర్లలో ఏముంది అని ఊరుకునేవాణ్ణి. కానీ ఈ రాత్రి ఆవిరి పట్టాక ఊరుకోలేకపోతున్నాను.

పదకొండింటికి గంజులో ఉడుకు నీళ్లు పోసి, మూతతో రెండు చుక్కలు వేద్దామని వంచితే అర మూత పడ్డారు. రగ్గు కప్పుకొని మొహం పెట్టాను. కళ్లు భగ్గుమన్నాయి. కళ్లద్దాలు తీయడం మరిచిపోయినందుకు అవి ఆవిరితో తెల్లబడ్డాయి, దాంతో గంజు ఎక్కడుందో తెలియక ముక్కు కొనతోనే నీళ్లను తడిమాను. అయినా ఓర్చుకున్నాను. రెండు నిమిషాలకు తల మీద చల్లటి గాలి తగిలినట్టు, ముక్కు లోపల కిటికీ తెరిచినట్టు, ఆహా! రగ్గు తీసి, విజయగర్వంతో కుడి ముక్కుతో గట్టిగా గాలి పీల్చాను.

గాలి రాలేదు.

చల్లదనం ఉంది, హాయి ఉంది, గాలి లేదు. మూసిన తలుపు మీద కిటికీ బొమ్మ వేసినట్టు.

దీని వెనక సంగతి తెలుసుకుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మన నరాల చివర వేడికి ఒక గొళ్లెం, చలికి ఒక గొళ్లెం ఉంటాయట. మిర్చిలోని క్యాప్సైసిన్ వేడి గొళ్లేన్ని తీస్తుంది. నిప్పు ఉండదు, మంట ఉంటుంది. ఆ గొళ్లేన్ని 1997లో డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త బృందం కనిపెట్టింది. పుదీనా పువ్వు, అంటే మెంథాల్, చలి గొళ్లేన్ని తీస్తుందని 2002లో ఆయన ఒకవైపు, ఆర్డెమ్ పటపూటియన్ మరొకవైపు తేల్చారు. తమరిలోని సినియోల్ కూడా ఆ గొళ్లెం మీదే చెయ్యి వేస్తుంది. మెంథాల్ పీల్చినవాళ్ల ముక్కులో గాలి ఎంత పోతోందో కొలిచి చూస్తే, దారి ఏమీ వెడల్పు కాలేదు, అయినట్టు అనిపించింది, అంతే. గొళ్లేలు కనిపెట్టిన జూలియస్, పటపూటియన్ ఇద్దరికీ కలిపి 2021లో నోబెల్ ఇచ్చారు.

చూశారా నా గతి! పగలు ఏనుమాములలో ఒక అబద్ధం ముక్కులోకి పోతుంది, లేని మంట పుట్టిస్తుంది. రాత్రి హన్మకొండలో ఇంకో అబద్ధం పోతుంది, లేని గాలి వీయిస్తుంది. ఈ రెంటి మధ్య నేను జీతం తీసుకుంటున్నాను.

తమరికి అసలు పని రాదని నేను అనను. జర్మనీలో సినియోల్‌ను విడిగా తీసి, 200 మిల్లీగ్రాముల గుళికల్లో కొలిచి, సైనస్‌కూ దగ్గుకూ ఇస్తారు. అక్కడ తూకం ఉంది, మందు పేరు ఉంది, ఎవరికి వద్దో రాసి ఉంది. మా ఇంట్లో తూకం బాపమ్మ బొటనవేలు.

తమరి చుట్టాల్లోనూ పనిమంతులున్నారు. లవంగ నూనెలోని యూజినాల్‌ను పంటి డాక్టర్లు జింక్ ఆక్సైడ్‌తో కలిపి పిప్పి పళ్లలో పెడతారు. అందుకే వాళ్ల గది వాసన బిర్యానీని గుర్తు చేస్తుంది. పుదీనా నూనెను పేగుల దాకా కరగని గుళికలో పెట్టి, తరచూ కడుపు మెలిపెట్టే వాళ్లకు ఇస్తారు. హైదరాబాద్‌లో 1920 నుంచి తయారవుతున్న జిందా తిలిస్మాత్‌లోనూ పెద్ద పీట తమరిదే. తెలంగాణలో మతం, కులం, పార్టీ చూడకుండా అన్ని ఇళ్ల గూళ్లలోకీ చేరిన ఎర్ర సీసా అది. అంత పలుకుబడి మా ఎమ్మెల్యేకు కూడా లేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది బాపమ్మ చేసే అమృతధార. కిరాణా కొట్టు నుంచి వాము పువ్వు, పిప్పరమెంటు పువ్వు, కర్పూరం తెప్పిస్తుంది. మూడూ గట్టివే, మూడూ పొడివే. సీసాలో వేసి మూత బిగించి కిటికీలో పెడుతుంది. చుక్క నీళ్లు పోయదు. కాసేపటికి పలుకుల అంచులు తడుస్తాయి, సాయంత్రానికి మొత్తం నీళ్లలా అయిపోతుంది. ఒకదాని పక్కన ఒకటి చేరితే ఒంటరిగా కరగాల్సిన వేడి కంటే తక్కువ వేడికే కరిగిపోతాయి. చిన్నప్పుడు అది చూసి బాపమ్మకు మంత్రాలు వచ్చనుకున్నాను. ఉమ్మడి కుటుంబం కూడా ఇంతే అని ఆవిడ అనేది. మా పెద్దబాపు, మా బాపు పొలం పంచుకున్నాక ఆ మాట అనడం మానేసింది.

ఇప్పుడు తమరి జాతికి కొత్త వైభవం వచ్చింది. మా వదిన 'ఎసెన్షియల్ ఆయిల్స్' స్కీములో చేరింది. వేలెడు సీసాలు. పది మిల్లీలీటర్ల ధర చెబితే మా సేటు బస్తా ధర అనుకున్నాడు. ఎసెన్షియల్ అంటే ఒంటికి అత్యవసరం అని వదిన అందరికీ చెబుతోంది. అది 'ఎసెన్స్' నుంచి వచ్చిన మాట వదినా, సారం అని అర్థం, సేమ్యాలో వేసే ఎసెన్స్‌కు అక్క వరస అన్నాను. రెండు రోజులు నాకు చాయ్ పోయలేదు. ఆ సీసాల మీద థైరాయిడ్ నుంచి పిల్లల మార్కుల దాకా అన్నిటికీ చుక్కల లెక్క ఉంది. బాపమ్మదీ అదే పద్ధతి గదా, ఆవిడ మాత్రం ఇంగ్లీషు రాక ఉచితంగా చేసింది.

2021 ఏప్రిల్ గుర్తుందా? కర్పూరం, లవంగం, వాము, రెండు చుక్కల తమరు, అన్నీ గుడ్డలో మూట కట్టి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని ఫోన్లన్నీ మోగాయి. మా వీధిలో మాస్కు లేని మెడలు ఉన్నాయి గానీ మూట లేని మెడ లేదు. వేలికి పెట్టే ఆ మిషన్ మీద అంకె మూట చూసి ఒక్క గీత కూడా కదల్లేదు. ఊపిరి హాయిగా ఆడినట్టు అనిపించి, ఇంకో పూట చూద్దాం అని ఇంట్లోనే ఆగిపోయినవాళ్లను నేను ఎరుగుదును. ఈ ఒక్క పద్దు దగ్గర నాకు వ్యంగ్యం రావడం లేదు, దాటిపోతాను.

దాటిపోలేనిది ఇంకొకటుంది. పోయిన చలికాలం మా చెల్లె కొడుక్కి సర్ది చేసింది. 14 నెలలవాడు. రాత్రి ముక్కు గురగురమంటూ పడుకోలేకపోతున్నాడు. బాపమ్మ కాదు, నేనే లేచాను. తమరిని వేలికి అద్దుకొని వాడి ముక్కు కింద రాశాను. వాడు ఏడుపు మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. నోరు తెరిచే ఉంది, ఏడుపు లేదు, గాలీ లేదు. ఎంతసేపో నాకు తెలియదు. చెల్లె వాణ్ణి బోర్లా వేసి వీపు చరిస్తే అప్పుడు కేకపెట్టాడు. ఆటోలో ఆసుపత్రికి పోతే, డాక్టరమ్మ స్టెత్ పెట్టకముందే వాడి మొహం దగ్గర వాసన చూసి, "ఎవరు రాశారు?" అంది. అందరూ బాపమ్మ వైపు చూశారు. నేను చెయ్యెత్తాను, స్కూల్లో ఎత్తినట్టు.

అంత చిన్నపిల్లల ముక్కు దగ్గర ఈ ఘాటు తగిలితే గొంతు బిగుసుకుపోవచ్చని, ఉప్పునీటి చుక్కలు చాలని ఆమె చెప్పింది. దగ్గు మందనుకొని తాగితే 5 మిల్లీలీటర్లు, అంటే ఒక్క చెంచా, పసివాడికి ఫిట్స్ తెప్పించి స్పృహ పోగొట్టగలదని కూడా చెప్పింది. పెద్దవాళ్లం ఏమీ తప్పించుకోలేదు. దక్షిణ భారతంలోని కొన్ని ఆసుపత్రుల్లో ఫిట్స్‌తో వచ్చిన 350 మంది పెద్దవాళ్లను గమనించి 2021లో వైద్యులు ప్రచురించిన లెక్కలో, 55 మంది విషయంలో అనుమానం ఇలాంటి తైలాల మీదికే పోయింది. నీలగిరి, కర్పూరం ఉన్నవే ముఖ్యంగా. ఇంటికొచ్చి తమరి సీసా దీపం దగ్గర పెట్టి చదివాను. 'పై పూతకు మాత్రమే' అని ఉంది, చీమ కూడా వంగి చదవాల్సినంత అక్షరాల్లో. తమరి పేరు మాత్రం అర అంగుళం.

అందుకే తమరిని కింది అర నుంచి మూడో అరకు మార్చాం. అది శిక్ష అనుకుంటారో ప్రమోషన్ అనుకుంటారో తమరిష్టం. బాపమ్మకు చెయ్యి అందదు కాబట్టి, మోకాళ్లకు కావాలంటే నన్ను పిలుస్తుంది. పల్లి నూనెలో నాలుగు చుక్కలు కలిపి నేనే రాస్తాను. నొప్పి తగ్గిందా అంటే, "సల్లగున్నది బిడ్డా" అంటుంది. తగ్గిందని ఎప్పుడూ అనలేదు. ఇన్నేళ్లూ ఆవిడకు ఈ తేడా తెలుసునేమో అని ఈ మధ్య అనుమానంగా ఉంది.

ఉత్తరం ఇక్కడ ఆపుతున్నాను. ఎడమ ముక్కు కూడా మూసుకుంటోంది. ఇందాక ఆవిరి పట్టాక తమరి మూత ఎక్కడ పెట్టానో కనపడటం లేదు. మూత దొరికేలోపు తమరు ఆ చిట్టీ మీది మరకలాగే సగం ఎగిరిపోతారు. మంచం కింద ఒకసారి చూసి వస్తాను.

ఇట్లు,
తమరి వాసనలోనే పెరిగిన
ఒక మిర్చి గుమాస్తా