మోమో ఉంటే చాలదు
న్యూయార్క్‌ జాక్సన్ హైట్స్‌ పేటలో మోమో (కూరిన పిండి ముద్దల్ని ఆవిరి మీద ఉడికించే వంటకం) బాగుంటే అది అసలైన నేపాలీ హోటలే అని ఒక వ్యాసంలో రాశారు. ఒప్పుకోను. ఆ వీధుల్లోనే టిబెటన్ హోటళ్లూ మోమోలు అమ్ముతాయి. మెనూలో వెతకాల్సింది ఢిడో, గుంద్రుక్ (పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూర), ఛొయిలా (కాల్చి మసాలా పట్టించిన మాంసం). రాగి పిండితోనో ఫాపర్ (బక్‌వీట్) పిండితోనో గెలికే ఢిడో మన సంకటికి చుట్టమే. చల్లారితే బిగుసుకుపోతుంది కాబట్టి అప్పటికప్పుడు చేయాలి. అడగ్గానే తెచ్చి పెట్టారంటే అనుమానించాల్సిందే. అసలు పరీక్ష మాత్రం పప్పు. పొట్టు మినప్పప్పు ఇనప కళాయిలో ఉడికితే నల్లగా వస్తుంది, దానికి నేతిలో జింబు తాలింపు పడాలి. ఎండు ఉల్లికాడల్లా ఉండే ఆ ఆకు క్షణాల్లో మాడుతుంది, మాడితే చేదు. చాలాచోట్ల జీలకర్ర, వెల్లుల్లితో సరిపెట్టి పసుప్పచ్చ కందిపప్పు పోసేస్తారు. థాలీ ఆర్డరిచ్చే ముందే 'ఈరోజు ఏ పప్పు?' అని అడగండి.