తడి పాదం ముద్ర ఒక్కటే చాలదండీ

పరుగు షూ ఎంచుకోవడం గురించి మీ వ్యాసంలో, అరికాలు తడిపి నేల మీద ముద్ర వేసి, అది చూసి షూ కొనుక్కోమని రాశారు. నేను అలాగే కొన్నాను. చదును పాదమని, అంటే అరికాలి మధ్య వంపు పెద్దగా లేదని తేలడంతో గట్టి సపోర్ట్ ఉన్న జత అంటగట్టారు. నెల తిరక్కుండానే, ప్రకాశం బ్యారేజీ మీద పరుగెత్తుతుంటే మడమ కింద పోటు మొదలైంది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు గుచ్చినట్టుండేది.

రెండోసారి సాయంత్రం వెళ్లాను. పగలంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బుతాయి, బెజవాడ ఎండల్లో మరీను. పరుగుకు వేసుకునే సాక్సులతోనే, నిలబడి చూసుకున్నాను: కాలివేళ్ల ముందు చేతి బొటనవేలంత జాగా ఉండాలి. నా కుడి పాదం అరసైజు పెద్దదని అప్పుడే తెలిసింది, దానికి సరిపోయేదే తీసుకున్నాను. షాపు ముందు అటూ ఇటూ పరుగెత్తి, హాయిగా అనిపించిన జతే కొన్నాను. ముద్ర కన్నా ఆ హాయే ముఖ్యమని నా గట్టి నమ్మకం.

వ్యాసంలో లేని మాట ఇంకోటి. పైకి కొత్తగా ఉన్నా, సుమారు 500 నుంచి 800 కిలోమీటర్లకు అడుగున మెత్తదనం తగ్గిపోతుంది. వారానికి 30 కిలోమీటర్లు పరుగెత్తితే నాలుగు నుంచి ఆరు నెలలే. అందుకే కొన్న తేదీ షూ నాలుక లోపల పెన్నుతో రాసుకుంటున్నాను.