కిలోల లెక్కన పోయిన కోట్లు

2025 నవంబరులో ఒక ఉదయం మా బావమరిది ఫోన్ చేసి, "బావగారూ, మీ ఇంట్లో అటక ఉందా?" అని అడిగాడు. చిక్కడపల్లిలో అయిదో అంతస్తులో ఉండేవాడికి అటక ఎక్కడిది? వంటింట్లో సిమెంటు సజ్జ ఉంది, దాని మీద బొమ్మల కొలువు చెక్కలు, తిరగని కూలరు, ఎవరి పెళ్లిలోనో పెట్టిన ఇత్తడి బిందె ఉన్నాయి అని చెప్పాను. "పాత పుస్తకాలు?" అన్నాడు. అతడి గొంతులో అలాంటి వణుకు అంతకుముందు ఒక్కసారే విన్నాను, ఎవరికీ దొరకని పబ్లిక్ ఇష్యూలో అతడికి షేర్లు కేటాయించిన రోజున.

సంగతేమిటంటే, కాలిఫోర్నియాలో ముగ్గురు అన్నదమ్ములు తల్లి పోయాక ఇల్లు సర్దుతుంటే అటక మీద ఒక అట్టపెట్టె దొరికింది. అందులో పాత వార్తాపత్రికల కింద 1939 నాటి 'సూపర్‌మ్యాన్' కామిక్ పుస్తకం మొదటి సంచిక ఉంది. అచ్చయిన నాడు దాని వెల పది సెంట్లు. వేలంలో 91 లక్షల 20 వేల డాలర్లు పలికింది. మన రూపాయల్లో ఎనభై కోట్లు. ఈ వార్త చదివిన నాటి నుంచి మా బావమరిది ఫోనులో షేర్ల ధరలు చూడటం మానేసి, మా సజ్జ వైపు చూడటం మొదలుపెట్టాడు.

నేను తొందరపడే మనిషిని కాను. కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేశాను. సూపర్‌మ్యాన్ మొట్టమొదట కనిపించిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక 1938 జూన్ నాటిది. అదీ పది సెంట్లే. దాని ప్రతి ఒకటి 2024 ఏప్రిల్‌లో 60 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అంటే ఆరు కోట్ల రెట్లు, చక్రవడ్డీ లెక్కన ఏటా ఇరవై మూడు శాతం. మరి మన షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్? 1978-79లో నూరు అనుకున్నది 2024 జూలైకి ఎనభై వేలు దాటింది. ఎనిమిది వందల రెట్లు, ఏటా పదహారు శాతం. రెండింటిలో ఏది మేలో పసిపిల్లవాడైనా చెబుతాడు. నిజానికి పసిపిల్లవాడే చెప్పాలి, ఎందుకంటే 1938లో ఆ పది సెంట్లు పెట్టినవాడు వాడే. టీవీలో కోటు వేసుకుని కూర్చునే నిపుణులు అప్పటికి పుట్టలేదు.

ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. ఆ సంచిక సుమారు రెండు లక్షల ప్రతులు అచ్చయితే, ఇప్పుడు వంద దాకా మిగిలాయని అంచనా. మిగతావి ఏమయ్యాయి? యుద్ధకాలంలో బడి పిల్లలు వీధివీధీ తిరిగి పాత కాగితం పోగుచేసి సర్కారుకు ఇచ్చారు. ఆ తర్వాత మిగిలిన వాటి పని తల్లులు పట్టారు. కొడుకు కాలేజీకి పోగానే గది ఊడ్చి, పనికిమాలినదంతా బయట పారేశారు. షేరు ధర పెరగాలంటే ఏదో ఒక కంపెనీ ఏదో ఒకటి తయారు చేసి చావాలి. కామిక్ పుస్తకం ధర పెరగాలంటే ఎవరో ఒకరి తల్లి పండగకు ఇల్లు దులుపుకుంటే చాలు. ఇంత తక్కువ ఖర్చుతో సంపద సృష్టించే పద్ధతి అర్థశాస్త్రంలో ఇంకొకటి ఉంటే నాకు చూపించండి.

నమ్మకం కుదరనివారికి 1990ల నాటి అనుభవం చాలు. పాత కామిక్స్ లక్షలు పలుకుతున్నాయని తెలిసి అమెరికాలో జనం కొత్తవి పెట్టెల కొద్దీ కొన్నారు. 1991లో 'ఎక్స్-మెన్' కొత్త వరుస మొదటి సంచిక ఎనభై లక్షల ప్రతులు పోయింది. 1992లో సూపర్‌మ్యాన్‌ను చంపేశారు, ఆ సంచికను నల్లటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి అమ్మారు, జనం బారులు తీరి కొని సంచి కూడా విప్పకుండా దాచుకున్నారు. అందరూ దాచుకున్నారు, అదే వచ్చిన చిక్కు. పారేసిన తల్లి ఒక్కరూ లేరు. ఆ పుస్తకాలు ఈనాటికీ పిల్లలకు జేబులో డబ్బులతో దొరుకుతాయి. 1991లోనే షేర్ మార్కెట్‌కు వెళ్లిన, 'ఎక్స్-మెన్' వేసే మార్వెల్ కంపెనీ 1996 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది. పుస్తకం కొన్నవాడు, షేరు కొన్నవాడు ఒకే గట్టున కూర్చున్న అరుదైన ఘట్టం అది.

(దీర్ఘకాలిక పెట్టుబడికి ఆదర్శం ఎవరని అడిగితే నేను ఒక దొంగ పేరు చెబుతాను, తెలిస్తే. నటుడు నికొలస్ కేజ్ ఇంట్లోంచి 2000లో ఆ 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక ప్రతి ఒకదాన్ని ఎవరో ఎత్తుకుపోయారు. 2011లో ఒక గోదాము అరలో దొరికింది. అదే ఏడాది వేలంలో 21 లక్షల 60 వేల డాలర్లు వచ్చాయి. మధ్యలో 2008 నాటి మహాపతనం వచ్చి పోయినా అది చెక్కుచెదరకుండా ఉంది. మనలో ఎవరికుంది అంత నిబ్బరం?)

ఇక మన ఇంటికి వద్దాం. సూపర్‌మ్యాన్ మన అటకల మీద ఉండడు. మన దగ్గర ఉండవలసింది 'చందమామ'. అది కామిక్ కాదు, బొమ్మల కథల పత్రిక అని పండితులు అభ్యంతరం చెబుతారు, చెప్పనివ్వండి. 1947 జూలైలో, స్వాతంత్ర్యం కంటే నెల ముందు వచ్చింది. నా దగ్గర ఎనిమిదేళ్ల సంచికలు ఉండేవి. అవి ఏమయ్యాయని ఎనభై రెండేళ్ల మా అమ్మను అడిగాను.

"ఉల్లిపాయలకు ఇచ్చేశాను" అంది.

"అన్నీనా అమ్మా?"

"చదివేశావు కదా నాయనా. చదివేసినవి ఎందుకు? ఏడు కిలోలు ఇచ్చాడు, ఒక్కటి కుళ్లింది లేదు."

దేశంలో ఎక్కడో చందమామలు దాచుకున్న ప్రతివాడి ఆస్తిని మా అమ్మ ఆ ఒక్క మధ్యాహ్నం కాస్త పెంచింది. వాళ్లలో ఒక్కరైనా వచ్చి కృతజ్ఞతలు చెప్పలేదు. నా ప్రతిపాదన ఏమిటంటే, ఈ మార్కెట్‌ను నిజంగా నడిపేవాళ్లు తల్లులు, తోపుడుబండి మీద త్రాసు పెట్టుకుని "పాత పేపర్లు కొంటాం" అని అరుస్తూ పోయేవాళ్లు కనుక షేర్ మార్కెట్‌కు కాపలా కాసే సెబీలో వాళ్లకు చెరొక కుర్చీ వేయాలి. షేర్లు ఏడాదికి మించి ఉంచుకుని అమ్మితే లక్షా పాతిక వేలు దాటిన లాభం మీద పన్నెండున్నర శాతం పన్ను. ఏడు కిలోల ఉల్లిపాయల మీద ఇప్పటిదాకా ఏమీ లేదు. ఈ మాట పైవాళ్ల చెవిన పడకుండా ఉంటే మంచిది.

అమ్మ చేతికి అందక మిగిలింది ఒకే ఒక్క సంపుటి. పన్నెండు సంచికలు కలిపి, ఎర్ర రెక్సిన్ అట్ట వేసి, వెన్ను మీద బంగారు అక్షరాలతో నా పేరు కొట్టించి మా నాన్న బైండింగ్ చేయించారు. ఇది నిధి అనుకున్నాను. తర్వాత అమెరికావాళ్ల గ్రేడింగ్ పద్ధతి చదివాను. 2000 నుంచి అక్కడ ఒక సంస్థ పుస్తకానికి అర నుంచి పది దాకా మార్కులు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు వేస్తుంది. సీలు విప్పితే మార్కు చెల్లదు. అంటే చదవకూడదు. ఏ పిల్లవాడూ ముట్టనిది, మడవనిది, అన్నం తింటూ పులుసు చుక్క వేయనిది అన్నింటికన్నా గొప్ప పుస్తకం. ఆ లెక్కన మా సంపుటిని చూడండి. బైండింగ్ చేసినాయన మూడు వైపులా అంచులు కోశాడు. శంకర్ గీసిన విక్రమార్కుడికి నేను కళ్లజోడు పెట్టాను, భుజం మీది శవానికి మీసాలు పెట్టాను. మార్చి సంచిక వెనక అట్ట మీద అమ్మ పాల లెక్క ఉంది. పదికి అర మార్కు ఇచ్చినా అది దయాదాక్షిణ్యమే.

అయినా మార్కెట్ ఏమంటుందో మార్కెట్‌నే అడగాలి. ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కు బావమరిదీ నేనూ వెళ్లాం. అక్కడ ఒకాయన దగ్గర ఇలాంటిదే ఒక సంపుటి కనిపించింది. ఎంతన్నాను.

"పదిహేను వందలు సార్. ఇప్పుడు ఎక్కడా దొరకదు. కావాలని ఫోన్లు చేస్తున్నారు."

సంచిలోంచి మాది తీసి, దీనికి ఎంత ఇస్తారన్నాను. ఆయన అటూ ఇటూ తిప్పాడు. ముఖంలో విషాదం కమ్ముకుంది.

"ఇవి ఇప్పుడు ఎవరు చదువుతున్నారు సార్? ఫోన్లో అన్నీ ఉచితంగా దొరుకుతున్నాయి. వంద తీసుకోండి."

రెండు నిమిషాల్లో తొంభై మూడు శాతం పతనం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ షేరు కూడా సుమారు నూట ఎనభై నుంచి నలభైకి పడటానికి ఒక రోజు తీసుకుంది.

మా బావమరిది మాత్రం నిరాశ పడలేదు. షేర్లే మేలని నేను అంటానేమో అనుకుని, అక్కడే నిలబడి వాదించాడు. అతడి వాదంలో బలం లేకపోలేదు. 2007లో చందమామను స్టాక్ మార్కెట్‌లో నమోదైన ఒక ముంబై సాఫ్ట్‌వేర్ కంపెనీ కొంది. 2013 నాటికి పత్రిక ఆగింది. ఆ తర్వాత కంపెనీయే అప్పులు తీర్చలేక, హైకోర్టు ఆదేశంతో మూతపడింది. చందమామ షేర్ మార్కెట్ ఎక్కిందని నమ్మి ఆ కంపెనీలో డబ్బు పెట్టినవాడికి కనీసం చందమామ కూడా మిగలలేదు. మన ఊళ్లో 1943 నుంచి ఉన్న హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజ్ గుర్తింపు పోయిందీ ఆ 2007లోనే. కొనే వస్తువు సంగతి అటుంచండి, అంగడే లేచిపోయింది. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మాత్రం ఆదివారం ఆదివారం తెరిచే ఉంటోంది.

సంపుటిని వెనక్కి తీసుకోబోతుంటే ఆ వ్యాపారి చెయ్యి పట్టుకున్నాడు. పేజీల మధ్య గుర్తు కోసం పెట్టిన మడత కాగితం ఒకటి జారింది. విప్పితే షేర్ సర్టిఫికెట్. 1995 నాటిది, వంద షేర్లు, ఒక్కొక్కటి పది రూపాయలు, నాన్న పేరు. ఆ రోజుల్లో పబ్లిక్ ఇష్యూలో డబ్బు వసూలు చేసి, చిరునామాతో సహా మాయమైన కంపెనీల్లో ఇదీ ఒకటి. బేతాళుడైనా తిరిగి చెట్టు మీదికే పోయేవాడు, వీళ్లు చెట్టు కూడా వదల్లేదు.

"ఇది ఇస్తారా సార్? అంచు డిజైను బాగుంది. కాఫీ హోటళ్లవాళ్లు ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకుంటున్నారు. రెండు వందలు."

ముప్పై ఏళ్లలో ఆ కంపెనీ వల్ల మా ఇంటికి వచ్చిన మొదటి డివిడెండ్ అది. బావమరిది కళ్లు మళ్లీ వెలిగాయి. నాన్న ఆ ఏడాది అలాంటివి ఇరవై దాకా కొన్నారని నాకు గుర్తు. ఫుట్‌పాత్ మీద ఉండగానే నాచేత అమ్మకు ఫోన్ చేయించాడు.

"బీరువా కింది అరలో ఉండేవి, ఆ రంగు కాగితాలేనా?" అంది అమ్మ. "అవి బరువు తూగలేదురా. వాటికి పచ్చిమిరపకాయలు ఇచ్చాడు."