ఆదివాసీ: తగినంత

ఫిల్మ్‌నగర్‌లో అడవి కథలకు మళ్లీ గిరాకీ వచ్చింది. జూబ్లీహిల్స్ కుటుంబం, అంటే అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలూ ఓ కుక్కా, నల్లమలలో దారి తప్పుతుంది. ఓటీటీ వాళ్లు కథంతా విని "ఇందులో అన్ని వర్గాలకూ చోటుందా?" అని అడుగుతున్నారట. ఉండాలి మరి, పులిహోరలో ఇంగువంత. కొలత దగ్గర తడబడే నిర్మాతల కోసమే ఈ నాలుగు ముక్కలు.

రెండు గంటల సినిమాకు మాటలున్న చెంచు పాత్ర ఒక్కటి చాలు. పేరు పెట్టకండి. పేరుంటే ఇల్లుండాలి, ఇల్లుంటే సెట్ వేయాలి. నాన్న గాయానికి పసరు పూయడం, పాపకు ఈల నేర్పడం, క్లైమాక్స్‌కు ముందు పులికి అడ్డుపడి పోవడం, అంతే పని. పులి ఎటూ గ్రాఫిక్సే. పులి, చిరుత, సింహం, ఎలుగు, కోతి, వీటితో వేషాలు వేయించకూడదని కేంద్రం 1998లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఇంట్లో కుక్క నటించాలన్నా జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి. చెంచు వేషానికి ఎవరినీ అడగక్కర్లేదు.

ఆ వేషానికి చెంచులు మాత్రం పనికిరారు. నల్లమల అంచున మన్ననూరు బస్టాపులో చెంచు కుర్రాడు ప్యాంటూ చొక్కాలో సెల్‌ఫోన్ చూసుకుంటూ ఉంటాడు, ప్రేక్షకుడు నమ్మడు. కృష్ణానగర్ నుంచి తెల్లటి కుర్రాణ్ని తెచ్చి నల్లటి పాన్‌కేక్ మేకప్ కొట్టించండి. స్పాంజి చెవుల వెనక్కి పోదు, అరచేతులు తెల్లగానే మిగులుతాయి. పదింటికి ఎండెక్కుతుంది, చెమట కారుతుంది, పూసలదండ రాసుకున్నచోట రంగు లేచి మెడ చుట్టూ తెల్లగీత పడుతుంది. అసిస్టెంట్ డైరెక్టర్ చూస్తాడు, చెప్పడు. "డీఐలో చూసుకుందాం" అంటారు, అంటే షూటింగయ్యాక కంప్యూటర్ మీద రంగులు దిద్దే చోట. అక్కడ ఒంటి రంగు దించబోతే వెనకున్న మద్దిమాను కూడా నల్లబడుతుంది, రెంటిదీ ఒకే గోధుమ ఛాయ కదా. అప్పుడు మనిషి చుట్టూ ఫ్రేము ఫ్రేముకీ మాస్క్ గీయాలి. ఆ బిల్లుతో పది మంది చెంచులకు నెల రోజుల కాల్షీట్లు ఇవ్వొచ్చు. (ఈ లెక్క ఫైనాన్షియర్‌కు చూపించకండి.)

తలకు నెమలి ఈకల కిరీటం తప్పనిసరి. అది ఆదిలాబాద్ గోండులు దీపావళి వేళ దండారి పండుగలో పెట్టుకునే గుస్సాడీ టోపీ అని ఎవరో ఒకరు అడ్డు చెబుతారు. నల్లమల చెంచుకు అది పెట్టడం ఉగాది నాడు ట్యాంక్‌బండ్ మీద వినాయక నిమజ్జనం చేసినట్టే. అయితే ఏం, పోస్టర్ నిండుగా ఉంటుంది.

పెద్ద చిక్కు భాషతోనే. చెంచులు మాట్లాడేది తెలుగే. రచయిత మాత్రం వాళ్ల కోసం "హుర్రో జింబా" అని కొత్త భాష కనిపెట్టి కూర్చుంటాడు. పిల్లలిద్దరూ ఇంటర్నేషనల్ స్కూలు, ఒత్తులు పలకవు. సినిమా మొత్తంలో తడబడకుండా తెలుగు మాట్లాడగలిగిన ఒక్క పాత్ర చేత సైగలు చేయిస్తాం.

షూటింగ్ వికారాబాద్ దగ్గరి అనంతగిరిలో పెట్టుకోండి. నల్లమలలోని అమ్రాబాద్ వెళితే రాత్రి తొమ్మిదికి మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు పడుతుంది, నైట్ సీన్లు కుదరవు.

ఫ్యామిలీ సెంటిమెంటు చాలలేదంటారా? చెంచులు కొండచరియ మీద తేనెపట్టుకు దిగేటప్పుడు పైన తాడు పట్టుకునేది భార్య తమ్ముడో అన్నో. అక్కచెల్లెళ్ల పసుపు కుంకుమలు తుడిచే పని చేయడని నమ్మకం. సీను బ్రహ్మాండంగా ఉంటుంది గానీ మనకు కుదరదు. మన కథలో బావమరిది ఎప్పుడో కామెడీ ట్రాక్‌కు బుక్కయిపోయాడు.